క్యామ్ తిరిగింది సరే, ఆయిల్ అందిందా?

ఇంజిన్ వాల్వుల్ని తెరిచే ఇరుసు క్యామ్‌షాఫ్ట్, అది కూర్చుని తిరిగేవి క్యామ్ బేరింగులు. మొదటిసారి నా చేత్తో ఆ బేరింగులు ఎక్కించిన రోజు క్యామ్‌షాఫ్ట్ ఎక్కడా పట్టకుండా లోపలికి జారిపోయింది. ముందు గేరు తగిలించి రెండు వేళ్లతో తిప్పితే గిర్రున తిరిగింది. పని అయిపోయిందనుకుని చేతులు తుడుచుకుంటుంటే, అంతసేపూ ఏమీ మాట్లాడకుండా చూస్తున్న పెద్ద మెకానిక్ ఒకాయన "తిరిగింది సరే, తీగ పెట్టి చూశావా?" అన్నాడు. చూడలేదు. క్యామ్ మళ్లీ బయటికి తీసి, బ్లాకు బోర్లించి, క్రాంక్‌ని, అంటే పిస్టన్లు తిప్పే పెద్ద షాఫ్ట్‌ని, మోసే మెయిన్ బేరింగ్ కూర్చునే చోట ఉన్న ఆయిల్ రంధ్రాల్లోంచి సన్న తీగ ఒక్కొక్కదాంట్లో క్యామ్ వైపు దూర్చాం. నాలుగింట్లో తీగ కొస క్యామ్ బేరింగ్ లోపలికి పొడుచుకొచ్చింది. ఒకదాంట్లో మాత్రం ఠక్కున ఆగింది. టార్చి వేసి చూస్తే, సుత్తి దెబ్బలకి ఆ బేరింగ్ కాస్త పక్కకి తిరిగి కూర్చుంది. రంధ్రం దాదాపు మొత్తం మూసుకుపోయి అంచున నెలవంకంత సందు మాత్రం మిగిలింది.

ఆ ఇంజిన్ అలాగే బిగించి ఉంటే? క్యామ్ తిరిగేది, ఇంజిన్ స్టార్టయ్యేది, ఆయిల్ గేజ్‌లో ముల్లు కూడా మంచి అంకె మీదే నిలబడేది. ఆ ఒక్క బేరింగ్ మాత్రం బిగించేటప్పుడు పూసిన జిడ్డు, అంటే అసెంబ్లీ లూబ్, తడి ఉన్నంతసేపు బతికి తర్వాత చచ్చేది. ఇంజిన్ మొత్తం విప్పి మళ్లీ కట్టే రీబిల్డ్‌లో క్యామ్ బేరింగుల గురించి జరిగే గందరగోళం సగం ఇక్కడే ఉంది. ఫిట్టింగ్ సరిపోవడం వేరు, ఆయిల్ అందడం వేరు. ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్టే అని మనసు చెప్పేస్తుంది, మనమూ నమ్మేస్తాం.

ముందు ఒక చిన్న సంగతి తేల్చుకోవాలి. మీ ఇంజిన్‌లో అసలు ఈ బేరింగులు ఉన్నాయా? క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉండి, లిఫ్టర్లు (క్యామ్ మీద కూర్చుని లేచేవి), పుష్‌రాడ్లు (ఆ తోపుని పైకి చేర్చే కడ్డీలు), రాకర్ల (వాల్వుని నొక్కే మీటల) ద్వారా వాల్వుల్ని తెరిచే పాత తరహా ఇంజిన్లలో ఇవి సాధారణంగా ఉంటాయి. 1955లో వచ్చిన షెవ్రొలే కార్ల స్మాల్ బ్లాక్ వి8 (వి ఆకారంలో రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు) అందరికీ తెలిసిన ఉదాహరణ. క్యామ్ పైన హెడ్‌లో, అంటే సిలిండర్ల మీది మూతలో, ఉండే ఇంజిన్లలో చాలావాటికి విడి బేరింగులే ఉండవు, క్యామ్ నేరుగా అల్యూమినియం హెడ్‌లోనే తిరుగుతుంది. అది వేరే తలనొప్పి, చివర్లో చెప్తాను.

బ్లాకులో ఉండే క్యామ్ బేరింగ్ అంటే ఒక గుండ్రటి బుష్షు. క్రాంక్ బేరింగ్‌లా రెండు ముక్కలుగా విడిపోదు, పూర్తి చుట్టు. బయట ఉక్కు, లోపల పల్చగా బాబిట్ అనే మెత్తటి లోహపు పూత. 1839లో ఐజాక్ బాబిట్ అనే అమెరికన్ కనిపెట్టిన మిశ్రమం కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. తగరమో సీసమో ఎక్కువగా ఉండి, దాంట్లో యాంటిమొనీ, రాగి లాంటివి కలుస్తాయి. ఇంత మెత్తటిది బేరింగ్‌కి ఎందుకంటే, ఆ మెత్తదనమే దాని గుణం. ఆయిల్‌లో కొట్టుకొచ్చిన సన్నటి ఇనుప నలుసు బాబిట్‌లో కూరుకుపోతుంది, ఖరీదైన షాఫ్ట్ గీరుకోకుండా మిగులుతుంది. ఈ గుణమే తర్వాత మన మీదికి ఎలా తిరగబడుతుందో ఇసుక కాగితం దగ్గర చెప్తాను.

క్యామ్ క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది, దాని మీద పేలుడు దెబ్బలు పడవు, కాబట్టి దాని బేరింగులకి పెద్ద భారం ఉండదని కొందరి ధీమా. లెక్క వేసి చూడండి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ 100 కిలోల బలంతో తోస్తోందనుకుందాం, రాకర్ నిష్పత్తి 1.5 అయితే క్యామ్ మీద పడేది 150 కిలోలు. వి8లో ఏ క్షణం చూసినా ఒకటికి మించి వాల్వులు తెరుచుకునే ఉంటాయి. పైగా ఈ తోపుడంతా దాదాపు ఒకే వైపు, కిందికి. రెండు వరసల లిఫ్టర్లూ క్యామ్‌కి పై వైపే ఉంటాయి కదా. అందుకే విప్పిన పాత ఇంజిన్‌లో క్యామ్ బేరింగ్ చూస్తే పై సగం ఇంకా మసక బూడిద రంగులోనే ఉంటుంది, కింది సగం మాత్రం అరిగి మెరుస్తూ, ఒక్కోసారి బాబిట్ పోయి అడుగు లోహం బయటపడి ఉంటుంది.

ఇక అసలు విషయం, ఆయిల్. షాఫ్ట్ బేరింగ్‌ని తాకుతూ తిరగదు. తిరిగే షాఫ్ట్ తనతోపాటు ఆయిల్‌ని లాక్కుపోయి, సన్నబడే సందులోకి ఇరికిస్తుంది, ఆ ఇరుకులో పుట్టే ఒత్తిడి షాఫ్ట్‌ని ఎత్తి పట్టుకుంటుంది. ఇది బయటపడ్డ తీరు భలే ఉంటుంది. 1883లో బోషాం టవర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికని బేరింగ్ పైభాగంలో, అంటే సరిగ్గా భారం పడే చోట, రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగ్గానే ఆయిల్ లోపలికి పోవాల్సింది పోయి ఆ రంధ్రంలోంచే బయటికి ఉబికింది. బిరడా కొడితే బిరడానే తోసేసింది. లోపల అంత ఒత్తిడి ఉంటుందని ఆయన ఊహించలేదు. మూడేళ్ల తర్వాత, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. ఇప్పటికీ బేరింగ్ డిజైన్ ఆ సమీకరణం మీదే నడుస్తోంది.

మన బ్లాకుకీ ఈ కథకీ సంబంధం ఉంది. బేరింగ్‌లో ఆయిల్ రంధ్రాన్ని తీసుకెళ్లి సరిగ్గా అడుగున, అంటే గడియారంలో 6 ఉండే చోట పెడితే, మనం టవర్ చేసిన పనే చేసినట్టు. భారం మోయాల్సిన ఆయిల్ పొర ఆ రంధ్రంలోకే తిరిగి జారిపోయే దారి ఏర్పడుతుంది. రంధ్రం భారం పడే చోటుకి కాస్త ముందు ఉండాలి, ఆయిల్ అక్కడ దిగి, షాఫ్ట్ తిరుగుడుతో ఆ ఇరుకులోకి లాగబడాలి. బ్లాకు ముందు నిలబడి చూసినప్పుడు క్యామ్ గడియారం ముళ్లలా తిరిగే ఇంజిన్‌లో ఇది 3, 4 అంకెల ప్రాంతం అవుతుంది. చెయిన్ తీసేసి రెండు గేర్ల డ్రైవ్ పెట్టి క్యామ్‌ని ఎదురు తిప్పే ఇంజిన్ అయితే అవతలి వైపుకి మారుతుంది.

అయితే ఎక్కడ పెట్టాలనే స్వేచ్ఛ మీకు అన్ని బ్లాకుల్లోనూ ఉండదు. స్మాల్ బ్లాక్ షెవ్రొలేలో బేరింగ్ వెనక, అది కూర్చునే బ్లాకు రంధ్రం లోపలి గోడ చుట్టూ ఒక గాడి ఉంటుంది. ఆయిల్ ఆ గాడిలో చుట్టూ తిరుగుతుంది కాబట్టి బేరింగ్‌లోని ఆయిల్ రంధ్రం ఎటు తిప్పి పెట్టినా ఆయిల్ అందుతుంది, అందుకే మంచి చోటు ఎంచుకునే వీలుంది. అలాంటి గాడి లేని బ్లాకుల్లో బేరింగ్‌లోని ఆయిల్ రంధ్రం బ్లాకులోని ఆయిల్ రంధ్రానికి ఎదురుగా రావాల్సిందే, వేరే మాట లేదు. నేను బోల్తాపడింది ఇలాంటి బ్లాకులోనే. మనవాళ్లు ఒక ఇంజిన్ మీద నేర్చుకున్న పద్ధతిని ఇంకో ఇంజిన్ మీద వాడి "నేను ఎప్పుడూ ఇలాగే కొడతా, ఏమీ కాలేదు" అంటారే, ఆ వాదన ఇక్కడ పనికిరాదు. మీ బ్లాకు ఏ రకమో ముందు కళ్లతో చూడండి.

ఆ గాడిలో ఇంకో కిటుకు కూడా ఉంది. స్మాల్ బ్లాక్ షెవ్రొలేలో ఆయిల్ క్యామ్ బేరింగ్ చుట్టూ ఉన్న ఈ గాడి గుండానే కిందకి దిగి క్రాంక్ మెయిన్ బేరింగుల్ని చేరుతుంది. అంటే క్యామ్ బేరింగ్ అరిగి కారుతుంటే ఆ నష్టం క్యామ్ దగ్గరే ఆగదు, కింద క్రాంక్ దాకా పోతుంది. ఎంత నష్టం? సందులోంచి కారే ఆయిల్ పరిమాణం ఆ సందు ఘనంతో పెరుగుతుంది. సందు రెండింతలైతే కారేది రెండింతలు కాదు, దాదాపు 8 ఇంతలు. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని కొత్త పంపు వేసి, కొత్త మెయిన్ బేరింగులు వేసి, గుజ్జులాంటి చిక్కటి ఆయిల్ కూడా పోసి, అయినా ముల్లు లేవక తల పట్టుకునేవాళ్లలో కొందరి సమస్య పాత క్యామ్ బేరింగులే. వాటిని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అవి కనపడవు.

మరి ప్రతి రీబిల్డ్‌కీ మార్చాలా? ఒక సందర్భంలో చర్చే అక్కర్లేదు. బ్లాకుని కడగడానికి వేడి కాస్టిక్ తొట్టిలో ముంచితే బాబిట్ ఖతం, కాస్టిక్ తగరాన్నీ సీసాన్నీ తినేస్తుంది. కాబట్టి అలాంటి కడుగుడు చేయించారంటే కొత్త బేరింగులు వేస్తున్నట్టే లెక్క, నిజానికి ముంచే ముందే పాతవి తీసేస్తారు. బ్లాకు తొట్టిలోకి పోలేదు, మైలేజీ తక్కువే, సిలిండర్లు బాగున్నాయి, రింగులు మాత్రమే మారుస్తున్నాం అంటే పాతవి కొలిచి చూసి ఉంచుకోవచ్చు. కొలవకుండా చూపుతో తేల్చకండి. ఇంకోటి, క్యామ్ బయటికి లాగేటప్పుడు లోబ్ (క్యామ్ మీద లిఫ్టర్‌ని తోసే ఉబ్బు) అంచు తగిలి బాబిట్ చెక్కుకుపోవడం చాలా మామూలు. క్యామ్ ముక్కుకి పొడవాటి బోల్టు ఒకటి బిగించి పిడిలా పట్టుకోండి, వీలైతే బ్లాకుని నిటారుగా నిలబెట్టి క్యామ్‌ని పైకి తీయండి, అప్పుడు బరువు పక్కకి వాలదు.

నా మాట అడిగితే, పూర్తి రీబిల్డ్ అయితే మార్చేయడమే. మొత్తం ఖర్చులో ఇది చిల్లర, తర్వాత ఒక్క బేరింగ్ కోసం ఇంజిన్ మళ్లీ దింపి మొత్తం విప్పాల్సి రావడం చిల్లర కాదు.

కొత్త సెట్టు చేతికి రాగానే చేయాల్సింది, ఏది ఎక్కడికో విడదీసి పెట్టుకోవడం. అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి కావు. స్మాల్ బ్లాక్ షెవ్రొలేనే తీసుకుంటే క్యామ్ జర్నళ్లు (షాఫ్ట్‌లో బేరింగుల లోపల తిరిగే భాగాలు) అయిదూ ఒకే కొలత, సుమారు 1.868 అంగుళాలు. బ్లాకులో బేరింగులు కూర్చునే రంధ్రాలు మాత్రం మూడు కొలతలు. ముందుది సుమారు 2.020 అంగుళాలు, రెండోదీ అయిదోదీ 2.010, మధ్యలో మూడు, నాలుగు 2.000. తేడా అంగుళంలో వందో వంతు, అంటే పావు మిల్లీమీటరు. కంటికి ఆనదు. మూడో నంబరు బేరింగ్‌ని రెండో చోట పెడితే పెద్దగా దెబ్బ పడకుండానే దిగిపోతుంది, లోపలి కొలత అన్నిటికీ ఒకటే కాబట్టి క్యామ్ కూడా హాయిగా తిరుగుతుంది. కానీ ఆ బేరింగ్‌ని పట్టుకునేది ఏమీ లేదు, ఏదో ఒక రోజు అది క్యామ్‌తో పాటే తిరగడం మొదలుపెట్టి ఆయిల్ రంధ్రం మూసేస్తుంది. చూశారుగా, ఇక్కడ కూడా "క్యామ్ తిరిగింది" అనేది ఏ సమాధానమూ కాదు. ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌లో ఇంకో పద్ధతి, అక్కడ క్యామ్ జర్నళ్లే ముందు నుంచి వెనక్కి ఒక్కోటి సుమారు 0.015 అంగుళాల చొప్పున సన్నబడతాయి. అక్కడ తప్పు చేస్తే క్యామ్ దూరదు, కనీసం తెలిసొస్తుంది.

ఎక్కించే పని సంగతి. బేరింగ్ బయటి కొలత బ్లాకు రంధ్రం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, ఎక్కువ ఇంజిన్లలో 0.05 నుంచి 0.08 మిల్లీమీటర్ల వరకు. ఆ బిగువే దాన్ని జీవితాంతం పట్టి ఉంచేది. నొక్కుకుపోయి కూర్చున్నాక లోపలి కొలత ఆ మేరకు తగ్గుతుంది, అందుకే డబ్బాలో ఉన్నప్పుడు బేరింగ్ లోపల కొలవడం వృథా, ఎక్కించాకే కొలవాలి. షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య సందు సుమారు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్య ఉండటం మామూలే అయినా, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకెదే చివరి మాట.

దీనికి పనిముట్టు ఉంది, అది లేకుండా సాకెట్టు, చెక్కముక్క, గొట్టం ముక్కలతో ప్రయోగాలు చేయకండి. బేరింగ్ లోపల వ్యాకోచించి దాన్ని గట్టిగా పట్టే తల, పొడవాటి కడ్డీ, కడ్డీని బ్లాకు మధ్యలో నిలిపే శంఖం ఆకారపు ముక్క ఉంటాయి. సుత్తితో కొట్టే రకం ఒకటి, పొడవాటి స్క్రూతో లాగే రకం ఒకటి. లాగే రకంలో పైలట్, అంటే స్క్రూని మధ్యలో నిలిపే ముక్క, బ్లాకు రెండు కొసల్లోని బేరింగుల్లో కూర్చుంటుంది, అందుకని అందులో కొసల్లోవి ముందు ఎక్కిస్తారు, తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న తీస్తారు. కొట్టే రకంతో వరస మనిషిని బట్టి మారుతుంది, గొడవ పడాల్సినంత సంగతి కాదు.

ఎక్కించే ముందు బ్లాకు రంధ్రాల అంచుల్లో గరుకు లేకుండా చూసుకోండి. అంచు పదునుగా ఉంటే బేరింగ్ ఉక్కుని గీరి, ఆ చెత్తని వెనకాలే ఇరికించుకుని వంకరగా కూర్చోబెడుతుంది. బేరింగ్‌లోని ఆయిల్ రంధ్రం ఎటు రావాలో బ్లాకు ముఖం మీద మార్కర్‌తో గీత పెట్టుకుని, పనిముట్టు మీద కూడా ఎదురుగా గీత పెట్టండి. తొలి రెండు మూడు దెబ్బలు చిన్నగా కొట్టి, ఆగి, బేరింగ్ నిటారుగా దిగుతోందా, గీతలు ఇంకా ఎదురెదురుగా ఉన్నాయా చూడండి. బేరింగ్ వంకరగా పడితే దెబ్బకి చేతికి ఎదురు తన్నినట్టు ఉంటుంది, చప్పుడు పొడిగా మారుతుంది. అక్కడే ఆపేయాలి. ఇంకో దెబ్బ వేస్తే సరవుతుందిలే అని వేసే ఆ ఇంకో దెబ్బే బేరింగ్‌ని పాడుచేస్తుంది. ఒక సెట్టు ఎక్కువ తెచ్చిపెట్టుకోమని పాతవాళ్లు చెప్పేది ఇందుకే, తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు.

అన్నీ దిగాక, గాడి లేని బ్లాకు అయితే తీగ పరీక్ష. అయిదింట్లోనూ తీగ స్వేచ్ఛగా రావాలి. ఆ తర్వాతే క్యామ్.

ఇప్పుడు క్యామ్ తిరగకపోతే? కంగారు పడకండి, ఇది చాలామందికి జరుగుతుంది, తిరగకపోవడం నిజానికి మంచి జబ్బు, కనీసం కనపడుతుంది. బలవంతంగా తిప్పకుండా బయటికి తీసి, జర్నళ్ల మీద పల్చగా నీలి రంగు పూసి, మళ్లీ దూర్చి ఒకటి రెండు చుట్లు తిప్పి తీయండి. ఎక్కడ పట్టేస్తోందో బాబిట్ మీద రంగు మచ్చగా తెలుస్తుంది. మచ్చ అంచున చిన్నదిగా ఉంటే అది ఎక్కించేటప్పుడు పనిముట్టు లేపిన గరుకు, బేరింగ్ స్క్రేపర్‌తో సున్నితంగా గీకేస్తే పోతుంది. ఒక బేరింగ్‌లో పైన, పక్క బేరింగ్‌లో కింద మచ్చలుంటే బ్లాకులో క్యామ్ సొరంగమే (బేరింగులు కూర్చునే రంధ్రాల వరసే) తిన్నగా లేనట్టు, లేదా క్యామే వంగినట్టు. క్యామ్‌ని వి-బ్లాకుల (వి ఆకారపు దిమ్మెల) మీద పెట్టి, డయల్ గేజ్ (సన్న తేడాలు కొలిచే ముల్లు మీటరు) ఆనించి తిప్పి చూస్తే అందులో ఏదో తేలిపోతుంది. సొరంగం తేడా అయితే మెషిన్ షాపులో లైన్ బోర్ చేయించి, అంటే ఆ రంధ్రాలన్నీ ఒకే వరసలో తొలిపించి, బయటి కొలత పెద్దగా ఉండే బేరింగులు వేయించాలి. పాత క్యామ్ జర్నల్‌కి ఏటవాలుగా గాడి కోసి దాన్నే గీకుడు కత్తిలా వాడే పద్ధతి కూడా ఉంది. చేయి తిరిగినవాళ్లు చేస్తే బాగానే వస్తుంది, కానీ రాలిన పొడి ఒక్క కణం కూడా ఆయిల్ దారుల్లో మిగలకుండా కడగాలి.

ఇసుక కాగితం మాత్రం దగ్గరికి రానివ్వకండి. బాబిట్ మెత్తనిది, నలుసుల్ని మింగి దాచుకుంటుంది అన్నాను కదా, ఇసుక కాగితం గరుకునీ అలాగే మింగుతుంది. ఆ తర్వాత అది బేరింగ్ కాదు, తిరిగే షాఫ్ట్‌ని రోజూ అరగదీసే సాన.

హెడ్‌లో క్యామ్ ఉన్న ఇంజిన్ల సంగతి చెప్తానన్నాను. క్యామ్ నేరుగా అల్యూమినియంలో తిరిగే చోట మార్చడానికి బుష్షు లేదు, అరిగితే హెడ్ మార్చడమో, ఆ రంధ్రాలు పెద్దవి చేయించి పని జరిపించడమో. రెండు ప్రమాదాలు మాత్రం గుర్తుంచుకోదగ్గవి. క్యామ్‌ని పైనుంచి పట్టి ఉంచే క్యాపులు హెడ్‌కి బిగించి ఉన్నప్పుడే కలిపి బోర్ చేస్తారు, కాబట్టి ఒక చోటి క్యాపు ఇంకో చోట, ఒక దిక్కుది ఇంకో దిక్కుకి పెడితే కొలత పోయినట్టే. నంబరు లేకపోతే విప్పే ముందే మీరే గుర్తు పెట్టుకోండి. రెండోది, ఓవర్‌హీట్ అయి హెడ్ వంగితే కింది ముఖాన్ని మాత్రం చెక్కించి చదును చేయించుకుంటారు. ముఖం చదునవుతుంది గానీ పైన క్యామ్ సొరంగం వంగినది వంగినట్టే ఉంటుంది. క్యాపులు బిగిస్తే క్యామ్ తిరగదు, బలవంతం చేస్తే విరుగుతుంది కూడా.

మళ్లీ బ్లాకు దగ్గరికి వస్తే, మిగిలింది రెండు పనులు. చివరి బేరింగ్ వెనక ఉండే మూత కొత్తది, సీలెంట్ రాసి కొట్టండి. అది కారితే ఆయిల్ ఫ్లైవీల్ వైపు కారుతుంది, అందరూ క్రాంక్ వెనక సీలునే తిడతారు. ఆయిల్ గ్యాలరీల, అంటే బ్లాకులోని ఆయిల్ దారుల, ప్లగ్గులన్నీ తిరిగి పెట్టారా లెక్కపెట్టండి. ఆ తర్వాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ బిగించకముందే, లిఫ్టర్లు లోపలే ఉంచి, డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పండి. ఇంకొకరు టార్చి పట్టుకుని రెండు సిలిండర్ల వరసల మధ్య ఉండే లిఫ్టర్ల లోయలోకి వంగి చూడాలి. కాసేపటికి క్యామ్ జర్నళ్ల అంచుల దగ్గర సన్నగా తడి మెరిసి, చుక్క కట్టి, కిందకి జారుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పైనుంచి సరిగ్గా ఆనని దగ్గర చిన్న అద్దం పెట్టి చూడండి, అయిదో చుక్క కనపడేదాకా డ్రిల్లు ఆపకండి.